ఇంటికి ఉంచుకున్న చేప

కోనాం చేపను బల్లమీద పడుకోబెట్టి అనిత మొప్ప వెనక కత్తి దించింది. అక్కణ్ణుంచి వెన్నుముల్లును ఆనుకుని తోకదాకా ఒకటే లాగు. పైముక్క పుస్తకం అట్టలా విడివడి వచ్చింది. చేపను తిప్పి రెండో పక్క కూడా అలాగే తీసింది. తోలు ఒలిచింది. సన్నముళ్ళుండే నడిమి పట్టీని కోసి పక్కన పడేసింది. మిగిలిన తెల్లటి కండ మాత్రం తూకం గిన్నెలోకి వెళ్ళింది. తలకాయ, వెన్నుముల్లు, తోక, పేగులు, గుడ్ల జన, అన్నీ కాళ్ళ దగ్గరున్న ప్లాస్టిక్ టబ్బులో పడ్డాయి.

చిన్నదిబ్బలపాలెం తుపాను షెల్టరు పైగదిలో జరిగే పని ఇది. జిల్లా తీరాన అణువిద్యుత్ కేంద్రం కడతారన్న మాట గట్టిపడ్డాక, అది రాకముందే ఇక్కడి నీళ్ళలో, ఇసుకలో, చేపల్లో రేడియేషన్ ఏపాటి ఉందో లెక్క తీసి పెట్టాలని ఒక సర్వే మొదలైంది. దాన్ని నడిపేది డేవిడ్‌రాజు మాస్టారు. ఆయన కింద చేపలు కోసి, తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి పెద్ద ల్యాబుకు పంపే ఉద్యోగం అనితది. ఆ ఊళ్ళో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి పిల్ల ఆమే. అందుకే కాబోలు, కత్తిని కూడా పరీక్ష రాస్తున్నట్టే పట్టుకుంటుంది.

"అయిపోనాదా కోత?" అంటూ వాళ్ళమ్మ దానమ్మ మెట్లెక్కి వచ్చింది. కోటబొమ్మాళిలో చేపలు అమ్ముకుని ఆటో దిగి నేరుగా ఇటే వచ్చినట్టుంది. ఖాళీ గంప గుమ్మం బయట బోర్లించి, కొంగు నడుముకు దోపి, టబ్బు దగ్గర చతికిలబడింది. తలకాయను రెండు చేతుల్తో ఎత్తి చూసింది.

"బంగారంలాటి తలకాయి. నాను రాకపోతే పారేసీదానివి కదే!"

"పారీనులేవే. నీకోసమే ఉంచుతాను."

"మరి ఆ కండేటి సేస్తారు?"

"ఎన్నిసార్లు సెప్పాలమ్మా? ఎండబెట్టి పంపితే అక్కడ కొలిమిలో ఎట్టి బూడిద సేస్తారు. ఆ బూడిదని మిషన్ కాడ ఎడతారు."

"కోనాం కండని!" దానమ్మ ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతుంది. "కాల్చండి, కాదన్ను. బూడిదయ్యీదాకా ఎందుకే? సగంలో తీసి తినీయొచ్చు కదా."

అనిత నవ్వి చేతులు కడుక్కుంది. దానమ్మ వెన్నుముల్లును కవర్లో మడతపెడుతూ అడిగింది: "నాకొకటి అంతుబట్టదు. రేపు ఆ కరెంటు కంపెనీ నుంచి ఏదో నీళ్ళలో కలిసిందనుకో. అది సేప ఒంట్లోకి ఎలగెల్తాది?"

ఆ ప్రశ్న అంటే అనితకు ఇష్టం. స్టూలు లాక్కుని కూర్చుంది. "సముద్రంలో సేపకి ఎప్పుడూ దాహమేనే. సుట్టూ ఉన్న ఉప్పునీళ్ళు దాని ఒంట్లో నీటిని లాగేస్తంటాయి. అందుకని తాగుతూనే ఉంటాది. తాగినాక అందులో ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోసీస్తాది."

"అందుకే కాబోలు, ఉప్పునీళ్ళలో పుట్టి పెరిగినా కూరలో ఉప్పు మనమే ఎయ్యాల."

"అదే మరి! ఇప్పుడు సీజియమని ఒకటుంటాది. ఒంటికి అది ఉప్పులాగే కనబడతాది. నీళ్ళలోంచి కొంచెం, తిన్న తిండిలోంచి ఎక్కువ, లోపలికెల్లి కండలో కూకుంటాది. సేప మళ్ళీ మంచి సోటుకి పోయిందనుకో, ఉప్పుతోపాటు అదీ కొద్దికొద్దిగా బయటికి పోతాది. కొన్ని నెలలు పడతాది. అదే సెరువు సేపకైతే ఇంకా సానా కాలం. సెరువు నీళ్ళలో ఉప్పు దొరకదు కదా, దొరికినదాన్ని ఓ పట్టాన ఒదల్దు."

"పిసినారి సేపన్నమాట."

"ఇంకోటి ఉన్నాది, స్ట్రాన్షియం. అది సున్నంలాటిది. కండని ముట్టుకోదు, ముల్లులోకి పోతాది. ఓపాలి ముల్లులోకి పోయిందా, ఇంక ఏళ్ళకేళ్ళు అక్కడే."

"ఓలమ్మ! సేప సచ్చీదాకానా?"

"ఇంచుమించు అంతే."

దానమ్మ తల ఊపి, ముల్లు కవరూ, తలకాయా గంపలో పెట్టుకుని, చుట్టకుదురు నెత్తిన సర్దుకుంది. "ముల్లుకింత కథుందని తెలీదు సుమీ" అంటూ మెట్లు దిగిపోయింది. అనిత కూడా బల్ల కడిగి, కండను సన్నటి ముక్కలుగా తరిగి ఓవెన్‌లో పెట్టేసింది. ఇద్దరిలో ఎవరికీ ఇంకేమీ తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. అనిత నాన్న ఎల్లాజీ తెల్లారగట్ల వేటనుంచి వచ్చి, ఒక కునుకు తీసి లేచాడు. వంకాయతో నెత్తళ్ళు పులుసు. ఎల్లాజీకి మాత్రం నిన్నటి కోనాం తలకాయ. ఆయన దాన్ని విప్పుకుంటూ, ఒక్కో ఎముకనూ పీలుస్తూ, తన లోకంలో తానున్నాడు. దానమ్మ వేలెడంత నెత్తలిని తోక పట్టుకుని ఎత్తి, తలతో సహా నోట్లో వేసుకుంది. కరకరమని చిన్న చప్పుడు.

ఆ చప్పుడుకి అనిత చెయ్యి కంచంలోనే ఆగింది.

పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న చప్పుడే. తన నోట్లోంచీ ఇప్పుడిప్పుడే వచ్చింది. తన కంచం చూసుకుంది. అమ్మ కంచం చూసింది. పట్నంవాళ్ళింట్లో చేపలకూర తింటే కంచం అంచున ముళ్ళు కుప్పగా ఉంటాయి. ఇక్కడ ఒక్క ముల్లు లేదు. నాన్న కూడా పెద్ద ఎముకలు తప్ప అన్నీ నమిలేశాడు.

సర్వే కోసం వారం వారం తను కోసే చేపలు ఆమె కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. కోనాం, సందువ, మాగ, సొర, అన్నీ బజారులో ధర పలికే పెద్దచేపలే. ఊరివాళ్ళు ఎక్కువగా తినే చేపలివే అని ఆ జాబితా మొదటి రోజే ఆమె చేతికొచ్చింది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల కదా, ఇచ్చింది ఇచ్చినట్టు చేసుకుపోయింది.

"నానా, మనం కోనాం కండ ఎప్పుడు తిన్నాం?"

ఎల్లాజీ ఎముక నోట్లోంచి తీసి ఆలోచించాడు. "ఆమధ్య సొర కొరికీసిన సేప ఒకటి వలలో వొచ్చినాది సూడు. సగం సేపని ఎవులు కొంతారు? అప్పుడు తిన్నాం."

"మరి ఆ సర్వే గోవింద్ వొచ్చి, ఏ సేపలు తింతారని అడిగితే ఏటి సెప్పినావే అమ్మా?"

"ఎవులు, ఆ కళ్ళజోడు కుర్రోడా? కోనాం, సందువ అని సెప్పినాను."

"ఎందుకే?"

దానమ్మ కూతుర్ని వింతగా చూసింది. "ఎందుకేటి? ఊరుకాని ఊర్నుంచి వొచ్చి, పేంటూ చొక్కా ఏసుకుని, గుమ్మంలో నిలబడి 'ఏటి తింతారమ్మా' అని అడిగితే, నెత్తళ్ళు తింతన్నాం బాబూ, కోనాం తలకాయి నాకుతన్నాం అని సెప్తారేటే? నానే కాదు. లచ్చుమణప్ప అదే సెప్పినాది, అసిరి అదే సెప్పినాది. అసిరైతే రొయ్యి కూడా కలిపినాది."

ఎల్లాజీ పొలమారేలా నవ్వాడు. అనిత కూడా నవ్వింది గాని, ముల్లు లేని తన కంచం అంచు మళ్ళీ చూసుకుంది.

శుక్రవారం సాయంత్రం ఎండిన ముక్కలు తీసుకువెళ్ళడానికి డేవిడ్‌రాజు మాస్టారు జీపులో వచ్చారు. అనిత జరిగిందంతా చెప్పింది. ఆయన కసురుకుంటారేమో అనుకుంది. ఆయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. తలతో తింటారా? పేగులు తీస్తారా? ఎండువి ఎలా తింటారు? పిల్లలక్కూడా అలాగే పెడతారా?

"చిన్నవాటికి పేగులెవరు తీస్తారు సార్? ఎండువి పొద్దున్నే చోడంబలిలోకి. పిల్లలకీ అవే."

ఆయన కిటికీలోంచి ఒడ్డుకేసి చూస్తూ అన్నారు: "సముద్రంలో పొలోనియం ఎప్పట్నుంచో ఉంది. మనం పెట్టింది కాదు. నీళ్ళలో తేలే సన్న జీవాల్ని తిని బతికే చిన్నచేపల పేగుల్లో అది ఎక్కువగా చేరుతుంది. పేగులు తీయకుండా తింటారంటున్నావు. సున్నంలాంటిదేమో ముల్లులో ఉంటుంది. ముల్లు నమిలేస్తారంటున్నావు. అంటే ఇన్నాళ్ళూ మనం కొలిచింది ఈ ఊరు అమ్ముకున్న చేప. తిన్న చేప కాదు."

"ఇప్పుడు కలుపుదాం సార్."

"ఇప్పుడే కలపాలి. ఇవాళ్టి లెక్క లేకపోతే రేపు వీటిలో ఏం కనపడినా కంపెనీ వల్లేనని జనం హడలిపోవచ్చు. నిజంగానే పెరిగితే, అబ్బే, అది ఎప్పుడూ ఉన్నదేలే అని కంపెనీవాళ్ళు కొట్టిపారెయ్యొచ్చు. ఏది నిజమో చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు." ఆయన అద్దాలు పెట్టుకున్నారు. "కాని అనితా, నీ మాట మీదా నా మాట మీదా జాబితా మారదు. ఆ ఇళ్ళవాళ్ళు తమ నోటితో చెప్పాలి. చేప వాళ్ళింట్లోంచే రావాలి. సోమవారం ఆఖరి లాటు వెళ్తుంది. ఆ తర్వాత సర్వే మూసేస్తారు."

శనివారం పొద్దున్న ఒడ్డున తెప్పలు చేరాయి. ఆడవాళ్ళు ఇసుకలో గుంపులుగా కూర్చుని చేపలు ఏరుతున్నారు. పెద్దవి ఒక గంపలోకి, నడిమివి ఒక గంపలోకి. అన్నీ అయ్యాక అడుగున మిగిలిన నెత్తళ్ళు, కవళ్ళు, నలిగినవి, పొట్ట చిరిగినవి ఎవరి కొంగులోకి వాళ్ళు. ఆ కొంగుల్ని అనిత ఇన్నేళ్ళలో మొదటిసారి చూసినట్టు చూసింది. తర్వాత విషయం చెప్పింది.

అందరికంటే ముందు లక్ష్మణమ్మ లేచింది. ఆ ఊరి ఆడవాళ్ళలో ఆవిడ మాటే మాట. "ఏటే గుంటా? మా ఇళ్ళల్లో నెత్తళ్ళు తింతారని పట్నమంతా సాటింపేస్తావా?"

"సాటింపు కాదు అప్పా. మనం తినీదాన్నే కొలవాల కదా."

"మేం కోనాం తింతాం. సెప్పినాం కదా ఆ అబ్బాయికి?"

"మేవూ అంతే" అంది అసిరమ్మ, కొంగులో కవళ్ళు మూట కట్టుకుంటూనే. "మా ఇంటి మగోడికి సిన్నసేప వాసనే పడదు."

"ఇంకోటి సూడు" లక్ష్మణమ్మ గొంతు తగ్గించింది. "నువ్వు పట్టుకెల్లి కొలిసినావనుకో. ఏదో ఉన్నాదని ఎవుడో కూస్తాడు. అప్పుడు ఎండు నెత్తళ్ళు ఎవులు కొంతారు? మీయమ్మ కొంతాదా?"

అనిత అమ్మకేసి చూసింది. దానమ్మ చేపలు ఏరుతూ తలెత్తకుండా అంది: "పోనీలేవే. సెప్పినమాట సెప్పినట్టు ఉండనీ."

ఇంటికొచ్చాక అనిత మండిపడింది. "నువ్వైనా ఒకమాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"నన్నంతావేటి? నీ స్నేహితురాలు అరుణశ్రీ మనింటికి వొచ్చిననాడు ఏటి వొండమన్నావు?"

అనితకు గుర్తొచ్చింది. ఆరోజు కోనాం ముక్కలు వేయించారు. పొయ్యి వెనక నెత్తళ్ళు పులుసు మీద మూత పెట్టి, ఆ మూత మీద గోనెపట్టా కూడా వేశారు.

ఆదివారం పొద్దున్నే దానమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఎండు నెత్తళ్ళు పెనం మీద వేపుతోంది. చాలాసేపు అటూఇటూ తిప్పి, వెనక్కి చూడకుండానే అడిగింది. "ఆ సున్నంలాటిది సేప ముల్లులో ఉండిపోతాదన్నావు. మరి మనం ఆ ముల్లు నమిలి మింగితే?"

"కొంత ఊరికే బయటికి పోతాది. కొంత మన ఎముకలోకి ఎల్తాది."

"పిల్లలకో?"

"ఎదిగే ఎముక కదమ్మా. ఇంకాస్త పట్టుకుంటాది." అనిత దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఇప్పుడు బెంగపడాల్సిందేటీ ఉండదనే సారంటన్నారు. కాని ఇప్పుడెంతుందో తెలిస్తేనే కదా, రేపు పెరిగినాదో నేదో తెలిసీది."

దానమ్మ ఒక నెత్తలిని పెనం మీంచి తీసి, వేళ్ళ మధ్య విరిచి, లోపలున్న దారంలాంటి ముల్లును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"కోనాంకి లెక్క ఉన్నాది. సందువకి లెక్క ఉన్నాది" అంది. "దీన్ని తిన్నోళ్ళకి నేదన్నమాట."

తర్వాత పెనం దించి, గంప కడిగి ఎండలో పెట్టింది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. వంటవేళ ఎవరైనా గడపలోకి వచ్చి "కాస్త కూరెట్టప్పా" అంటే లేదనకూడదు. ఏం కూర అని తీసుకునేవాళ్ళు అడగకూడదు. ఇచ్చినవాళ్ళు మూత పెట్టి ఇస్తారు, ఆ మూత దారిలో తియ్యకూడదు. గిన్నె ఎవరిదైనా, లోపలున్నది మాత్రం ఆ ఇంటి గుట్టు.

మధ్యాహ్నం డేవిడ్‌రాజు మాస్టారు చర్చిలో ఆరాధన ముగించుకుని, ఇస్త్రీ చొక్కా నలక్కుండానే షెల్టరుకు వచ్చారు. ఎవరైనా ఒప్పుకున్నారా అని అడిగారు. అనిత లేదని తల అడ్డంగా ఊపింది. అప్పుడే దానమ్మ నిండు గంప నెత్తిన పెట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకి వచ్చింది. గంప దించి మీద కప్పిన గుడ్డ తీసింది. లోపల గిన్నెలు. సత్తు గిన్నెలు, స్టీలు గిన్నెలు, చెవి ఊడిన ఒక టిఫిన్ డబ్బా. అన్నిటికీ మూతలు.

"వీధి వీధంతా తిరిగినాను" అంది రొప్పుతూ. "సేప ఇమ్మన్నేదు, ఏ సేపో అడగనేదు, కాస్త కూరెట్టప్పా అన్నాను. కూర నేదని ఎవులంతారు?"

అనిత ఒక మూత తీసి నుదురు కొట్టుకుంది. "అమ్మా! పచ్చి సేప కదే అడిగినాను. ఇందులో సింతపండు, వొంకాయి, కారం... ఇదెలగ కొలుస్తారు?"

దానమ్మ ముఖం వాడిపోయింది. "పనికిరాదా బాబూ?"

మాస్టారు వంగి ఒక్కో మూతా తీసి చూశారు. నెత్తళ్ళు. కవళ్ళు. మళ్ళీ నెత్తళ్ళు. ఎండువి, టమాటాతో. ఒక దాంట్లో కోనాం తోక, చుట్టూ పులుసు. చివరికి మడమల మీద కూర్చున్నారు.

"పట్నంలో కొన్ని ఇళ్ళకెళ్ళి, ఒక మనిషి ఒక పూట తినే అన్నం, పప్పు, కూర వండినవి వండినట్టే తెచ్చి కొలుస్తాం. అదీ ఒక పద్ధతే. ఇక్కడా అలా చెయ్యొచ్చని నాకే తట్టలేదు. చింతపండు లెక్క వేరే తీసుకుంటాం, అదేం పెద్ద పని కాదు." ఆయన గిన్నెల్ని చూస్తూ నిట్టూర్చారు. "అయితే ఏ గిన్నె ఎవరింటిదో, అందులో ఉన్నదేంటో ఆ ఇంటివాళ్ళు చెప్పాలమ్మా. గిన్నె చెప్తే చెల్లదు."

"అది నాను సెప్పకూడదు బాబూ. మూతెట్టి ఇచ్చినారు." దానమ్మ మెల్లగా మూతలు మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. అనిత అమ్మ చేతులకేసి చూస్తూ నిలబడింది. సోమవారం లాటు ఈ కూరలు లేకుండానే వెళ్తుందని ఆమెకు తెలిసిపోయింది.

"దానీ! ఒసే దానీ!" కింద నుంచే కేక. మెట్లు అదిరేలా లక్ష్మణమ్మ వచ్చింది. "మా కూర ఏదే? నీ ఇంటికి కదా ఇచ్చినాను? ఈ మేడకి ఎందుకొచ్చినాది?"

మాస్టారిని చూసి కొంగు సర్దుకుంది గాని ఆగలేదు. తన గిన్నె కోసం గంప మీదికి వంగింది. మూత పెట్టని గిన్నెలు ఇంకా నాలుగైదు ఉన్నాయి. ఆవిడ చూపు వాటిమీద ఒక్కొక్కటిగా నడిచింది. చెవి ఊడిన డబ్బా దగ్గర ఆగింది.

"ఇది అసిరిది కాదేటి?"

దానమ్మ ఆ డబ్బా మీద మూత పెట్టబోయింది.

"దాని మొగుడి టిపిను డబ్బా నాకు తెలీదా! ఇందులో కవళ్ళు... ఆడికి సిన్నసేప వాసనే పడదన్నాది కదే నిన్న ఒడ్డున!" లక్ష్మణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఆ నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది. "ఓలమ్మ ఓలమ్మ! అందరం అందరికీ కోనాం సెప్పుకున్నామన్నమాట!"

దానమ్మకీ నవ్వొచ్చింది. మాస్టారు ఎటు చూడాలో తెలియక గోడకేసి చూశారు.

నవ్వు తగ్గాక లక్ష్మణమ్మ కళ్ళు తుడుచుకుని, గంపలోంచి సొట్టపడ్డ సత్తు గిన్నెను ఎత్తి బల్లమీద పెట్టింది. "ఇది నాది. లచ్చుమణమ్మ గిన్నె. నెత్తళ్ళు, వొంకాయి. రోజూ ఇదే, ఇది నేన్నాడు ఎండుది. రాసుకోండి బాబూ." తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి వినబడేలా అరిచింది: "అసిరీ! రావే పైకి! నీ కవళ్ళు సెప్పుకుందువుగాని!"

కింద ఎవరో ఏదో అన్నారు. ఎవరో పకపకా నవ్వారు. మెట్లమీద ఒక జత కాదు, చాలా జతల అడుగులు వినబడ్డాయి.

అనిత త్రాసు దగ్గరికి లాగి, లక్ష్మణమ్మ కూర తెల్లటి పళ్ళెంలోకి వంచింది. పులుసు చింది మాస్టారి ఇస్త్రీ చొక్కా మీద పడింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. అలవాటు కొద్దీ చెంచా అందుకుని, ఒక నెత్తలిని పళ్ళెం అంచుకు జరిపి, తల విరిచి, ముల్లు లాగబోయారు.

"అదేటి బాబూ?" లక్ష్మణమ్మ అడ్డు తగిలింది. "ముల్లు తీసెత్తన్నారా? ముళ్ళు తీసి పెట్టడానికి మా ఇంట్లో సుట్టాలున్నారేటి?"

మాస్టారి చెయ్యి ఆగింది. చెంచా పక్కన పెట్టి, విరిచిన తలను మళ్ళీ పళ్ళెంలోకి తోసి, అనితకేసి చూశారు.

తలా, ముల్లూ, పేగూ, అన్నీ కలిపి అనిత తూచింది.